ఒళ్లు కాస్త కుదుటపడ్డాక...

ఫిలడెల్ఫియా నగరం, మార్కెట్ వీధి. 1736 డిసెంబరు నెలాఖరు. అచ్చుకూటంలో సిరా వాసన, తడి కాగితం వాసన. ముప్పయ్యేళ్ల యజమాని అక్షరాల అరల ముందు నిలబడ్డాడు. ఎడమచేతిలో అక్షరాలు పేర్చే స్టిక్కు. కుడిచేత్తో ఒక్కో సీసపు అక్షరాన్నీ ఏరి, తిరగేసి పేరుస్తున్నాడు. పన్నెండో ఏట చేతపట్టిన పని. ఏ అక్షరం ఏ అరలో ఉందో కళ్లు మూసుకున్నా వేళ్లకి తెలుసు. ఇవాళ మాత్రం ఒక పేరు దగ్గర ఆ వేళ్లు ఆగి ఉంటాయి. ఫ్రాన్సిస్. ఆయన కొడుకు. పోయి ఇంకా నలభై రోజులు కాలేదు.

ఆ అచ్చుకూటంలోంచే వచ్చే పత్రిక పెన్సిల్వేనియా గెజెట్. డిసెంబరు 30 సంచికలో యజమాని తన గురించి తానే వేసుకున్న చిన్న ప్రకటన ఉంది. దాని సారాంశం ఇది. మశూచితో పోయిన ఆ పిల్లవాడికి అంటు వేయించారని, అందుకే ప్రాణం పోయిందని ఊళ్లో ఒక మాట తిరుగుతోంది. ఆ మాట విని మరికొందరు తల్లిదండ్రులు తమ పిల్లలకి వేయించడానికి జంకుతున్నారు. నిజానికి వాడికి అంటు వేయించనే లేదు. అందరికీ సోకినట్టే వాడికీ సోకింది. చాలాకాలంగా విరేచనాలతో నీరసించి ఉన్నాడు. ఒళ్లు కాస్త కుదుటపడ్డాక వేయిద్దామని తండ్రి అనుకున్నాడు.

ఆ యజమాని పేరు బెంజమిన్ ఫ్రాంక్లిన్. తర్వాతి రోజుల్లో గాలిపటం ఎగరేసి పిడుగులో ఉన్నది విద్యుత్తే అని చెప్పినవాడు. అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం పెట్టినవాడు. ఆ దేశపు నూరు డాలర్ల నోటు మీద ఉన్న బొమ్మ ఆయనదే.

ఈ ప్రకటన చదివినప్పుడల్లా నాకు ఒక్కటే తడుతుంది. ఊళ్లో పుట్టిన పుకారు ఆయనకి చెడ్డపేరు తెచ్చేది కాదు. కొడుకును కాపాడుకుందామని తెగించాడు, విధి వక్రించింది అని నలుగురూ జాలిపడేవారు. నిజం చెబితే మాత్రం తప్పు తన మీదకొస్తుంది. తెలిసి తెలిసి ఆలస్యం చేసిన తండ్రి అవుతాడు. కడుపుకోతలో ఉన్న మనిషి ఆ రెండో మాటను, సొంత పత్రికలో, సొంత అక్షరాలతో అచ్చువేసుకున్నాడు. తన బిడ్డ పోయాడు, ఇంకొకరి బిడ్డ పోకూడదని.

ఇక్కడ ఆ అంటు అంటే ఏమిటో చెప్పాలి. అది మనకు తెలిసిన టీకా కాదు. ఎడ్వర్డ్ జెన్నర్ ఆవు మశూచితో టీకా వేసింది 1796లో, అంటే ఈ కథకి అరవై ఏళ్ల తర్వాత. అంతకు ముందున్న పద్ధతి ఇంకా మొరటుది. మశూచి పొక్కులోంచి రసి తీసి, ఆరోగ్యంగా ఉన్న మనిషి చేతికి చిన్న గాటు పెట్టి అందులో పూసేవారు. మామిడికి అంటు కట్టినట్టే. ఇంగ్లిషులో దాని పేరు కూడా తోటమాలుల భాషలోంచి వచ్చిందే. గాటు ద్వారా వచ్చే జబ్బు ఎక్కువమందిలో తేలిగ్గా పోయేది, మళ్లీ జన్మలో రాదు. కానీ అది అసలు మశూచే. వేయించుకున్నవాళ్లలో కొందరు చచ్చిపోయేవారు. వాళ్ల నుంచి పక్కవాళ్లకి సోకేది కూడా.

మన దేశానికి ఇది కొత్త కాదు. బెంగాల్లో టీకాదార్లు ఊరూరా తిరిగి వేసే ఈ పద్ధతి గురించి 1767లో హాల్వెల్ అనే ఆంగ్లేయుడు లండన్ వైద్యులకు వివరంగా రాశాడు. టీకా అన్న మాట మనకు మిగిలింది ఆ వరసలోనే. మన ఊళ్లలో జబ్బు పేరు ఎత్తడానికి కూడా భయపడి 'అమ్మవారు' అన్నారు. వేపమండలు కట్టారు, చల్ల పోశారు. మశూచి అంటే అంత భయం. వచ్చినవాళ్లలో చచ్చేవాళ్లు చావగా, బతికినవాళ్లలో కొందరికి కళ్లు పోయేవి. తక్కినవాళ్లకి ముఖం నిండా గుంటలు మిగిలేవి.

ఫ్రాంక్లిన్‌కి ఆ భయమూ తెలుసు, ఆ గాటూ తెలుసు. చిన్నప్పుడే చూశాడు.

1721 ఏప్రిల్. వెస్టిండీస్ నుంచి వచ్చిన సీహార్స్ అనే ఓడతో బోస్టన్ ఊళ్లోకి మశూచి దిగింది. సుమారు 11,000 మంది ఉన్న ఊరు. అంతకు ముందు 1702లో వచ్చి వెళ్లింది కాబట్టి ఆ తర్వాత పుట్టిన పిల్లలెవరికీ రక్షణ లేదు. ఆ ఊళ్లో కాటన్ మాథర్ అనే మతబోధకుడి ఇంట్లో ఒనెసిమస్ అనే ఆఫ్రికా మనిషి బానిసగా ఉండేవాడు. నీకు మశూచి వచ్చిందా అని యజమాని ఒకసారి అడిగితే, వచ్చింది, రాలేదు అని రెండు జవాబులూ చెప్పాడు. తన దేశంలో గాటు పెట్టి రసి పూస్తారని, ఇక భయం ఉండదని చెప్పి చేతి మీద మచ్చ చూపించాడు. అమెరికాకి ఈ విద్య అందించిన చెయ్యి అది.

మాథర్ ఊళ్లోని వైద్యులందరికీ ఉత్తరాలు రాశాడు. ముందుకొచ్చింది ఒక్కడే, జాబ్డియెల్ బాయిల్‌స్టన్. జూన్ 26న ఆయన తన ఆరేళ్ల కొడుకు చేతికి గాటు పెట్టాడు. అదే రోజు తన ఇంట్లోని బానిసకి, ఆ బానిస రెండున్నరేళ్ల కొడుక్కి కూడా. ముగ్గురూ బతికారు. కానీ సొంత కొడుకు విషయంలో బాయిల్‌స్టన్ తండ్రిగా నిర్ణయం తీసుకున్నాడు. తన కొడుకు విషయంలో ఆ నిర్ణయం తీసుకునే హక్కు ఆ రెండో తండ్రికి లేదు. ఒంటి మీద పెట్టే గాటుకు అనుమతి అడగాలన్న ఆలోచనే వాళ్ల దాకా వెళ్లని కాలం.

ఊరు భగ్గుమంది. ప్రతిఘటించినవాళ్లంతా మూఢులని అనుకుంటే పొరపాటే. బోస్టన్‌లో వైద్యపట్టా ఉన్న ఒకే ఒక్క డాక్టరు విలియం డగ్లస్ వ్యతిరేకుల్లో ముందున్నాడు. పరీక్షించి చూడని పద్ధతి, వేయించుకున్నవాళ్లు ఊరికి జబ్బు పంచుతారు అన్నది ఆయన వాదన. అందులో రెండో మాట నిజం కూడా. అదే ఏడాది ఆగస్టులో ఒక కొత్త పత్రిక మొదలైంది, న్యూ ఇంగ్లండ్ కొరాంట్. అంటు వేయడాన్ని తూర్పారపట్టడమే దాని తొలి పని. దాని యజమాని జేమ్స్ ఫ్రాంక్లిన్. ఆయన దగ్గర పని నేర్చుకుంటూ, అక్షరాలు పేర్చి, అచ్చయిన పత్రికని వీధి వీధీ తిరిగి చందాదారులకి అందించే పదిహేనేళ్ల కుర్రాడు ఆయన తమ్ముడు బెంజమిన్.

నవంబరులో ఒక రాత్రి మాథర్ ఇంటి కిటికీలోంచి బాంబు విసిరారు. అంటు వేయించుకున్న ఆయన బంధువు ఆ గదిలోనే పడుకుని ఉన్నాడు. అదృష్టం, అది పేలలేదు. తిట్లతో రాసిన చీటీ ఒకటి దానికి కట్టి ఉంది.

వ్యాధి తగ్గాక లెక్క తేలింది. మామూలుగా మశూచి సోకినవాళ్లు సుమారు 5,900 మంది. పోయింది 844 మంది, అంటే ఏడుగురిలో ఒకరు. బాయిల్‌స్టన్ అంటు వేసినవాళ్లు 240 మందికి పైగా. పోయింది ఆరుగురు, అంటే నలభై మందిలో ఒకరు. అన్న పత్రికలోని వాదన ఏమిటో, ఊళ్లోని శవాల లెక్క ఏం చెప్పిందో, రెండూ ఆ కుర్రాడు దగ్గరుండి చూశాడు.

ఫిలడెల్ఫియాలో సొంత పత్రిక చేతికొచ్చాక ఆయన ఎటు నిలబడ్డాడో 1730, 1731 నాటి గెజెట్ సంచికలే చెబుతాయి. అంటు వేయించుకున్నవాళ్లు ఎందరు, పోయింది ఎందరు అని లెక్కలు వేసి మరీ అచ్చువేశాడు. తెలియక ఆగిన మనిషి కాదు. అందుకే నన్ను ఈ కథ వదలదు.

1732 అక్టోబరు 20న ఫ్రాన్సిస్ పుట్టాడు. ఇంట్లో ఫ్రాంకీ. తల్లి డెబోరా దుకాణం చూసుకునేది, తండ్రి అచ్చుకూటం. చురుకైన పిల్లవాడు, చూసినవాళ్లందరికీ ముద్దొచ్చేవాడు. 1736లో ఊళ్లో మళ్లీ మశూచి తిరుగుతోంది. అప్పటికి వాడికి నాలుగేళ్లు. వేయించాలన్నది తండ్రి మనసులో స్థిరంగానే ఉంది. అడ్డొచ్చినవి విరేచనాలు.

ఆ ఇంట్లో ఆ రోజులు ఎలా గడిచి ఉంటాయో ఊహించడం కష్టం కాదు. పసిపిల్లలున్న ఏ ఇల్లయినా అంతే.

"వాడి ఒంట్లో ఏముంది, ఎముకలు తప్ప? ఇప్పుడు చెయ్యి కోసి రసి పూస్తే తట్టుకుంటాడా?"

"అదే నేనూ అనుకుంటున్నా. నాలుగు ముద్దలు తిననీ. ఒళ్లు కాస్త కుదుటపడ్డాక..."

ఇందులో తప్పు పట్టడానికి ఏముంది? ఆ కాలపు వైద్యం కూడా అదే చెప్పేది. అంటు వేసే ముందు ఒళ్లు సిద్ధం చేయాలని, నీరసంగా ఉన్నవాడికి వేయకూడదని. వేస్తున్నది అసలు మశూచే అయినప్పుడు ఆ జాగ్రత్త సబబే. ఆ గదిలో ఉండి ఉంటే నేనూ అదే మాట అనేవాణ్ణేమో. వాళ్లు తూచింది గాటు వల్ల వచ్చే అపాయాన్ని. ఆగితే వచ్చే అపాయం అప్పటికే పక్క వీధిలో ఉంది, దానికి వాడి ఒళ్లు కుదుటపడేదాకా ఆగాల్సిన పని లేదు.

నవంబరు 21న ఫ్రాంకీ పోయాడు. సమాధి రాయి మీద వయసు చెక్కించారు: 4 సంవత్సరాలు, 1 నెల, 1 రోజు.

డిసెంబరు 7న ఫ్రాంక్లిన్ ఊళ్లో మంటలార్పే స్వచ్ఛంద దళం యూనియన్ ఫైర్ కంపెనీని స్థాపించాడు. కొడుకు పోయి పదహారు రోజులు. మంట అంటుకున్నాక ఎవరి కోసమూ చూడకుండా బక్కెట్లు పట్టుకుని పరుగెత్తే ఏర్పాటు అది.

ఆ తర్వాత పుట్టిన కూతురు శాలీకి మూడేళ్లు నిండకముందే, 1746లో, అంటు వేయించారు.

1759లో లండన్‌లో ఉండగా ఆయన మళ్లీ ఈ పని పట్టుకున్నాడు. విలియం హెబర్డెన్ అనే పెద్ద వైద్యుడితో కలిసి ఒక చిన్న పుస్తకం వేశారు. అంటు వేసే పద్ధతి మామూలు మనిషికి అర్థమయ్యేలా హెబర్డెన్ రాశాడు, ముందుమాట ఫ్రాంక్లిన్ రాశాడు. అమెరికాలో ఉచితంగా పంచడానికి 1,500 ప్రతులు హెబర్డెన్ తన ఖర్చుతో అచ్చువేయించాడు. ఆ ముందుమాటలో 1752 నాటి బోస్టన్ లెక్క ఉంది. మామూలుగా సోకిన 5,500 మందికి పైగా మనుషుల్లో 500 మందికి పైగా పోయారు. అంటు వేయించుకున్న 2,000 మందికి పైగా మనుషుల్లో పోయింది సుమారు 30 మంది.

అంకెలు అంత స్పష్టంగా ఉన్నా జనం ఎందుకు ఆగుతున్నారు? ఆయన జనాన్ని తిట్టలేదు. కారణాలు వెతికాడు. దేవుడి పనిలో వేలు పెట్టడం పాపమేమో అన్న మనస్సాక్షి ఒకటి. వైద్యుడి రుసుము ఇచ్చుకోలేని పేదరికం ఒకటి. మూడోది ఇంట్లోది. తల్లో, తండ్రో, దగ్గరి బంధువో ఒకరు వద్దంటే రెండోవాళ్లు ధైర్యం చేయరు, ఏదైనా జరిగితే జీవితాంతం ఆ నింద మోయాలి గనక. ఈ మూడో కారణం చదివి, ఆయన తన ఇంటి సంగతే రాశాడా, డెబోరా వద్దందా అని కొందరు చరిత్రకారులు అనుమానిస్తారు. ఆ అనుమానాన్ని ఆ తల్లి నెత్తిన పెట్టడానికి నాకు మనసొప్పదు. భర్త పెట్టలేదు. 'నేను వేయించి ఉండాల్సింది' అనే అన్నాడు.

ఆపైన 1772. ఆ ఒక్క సంవత్సరంలో ఆయన రాసిన రెండు ఉత్తరాలను పక్కపక్కన పెట్టి చదవాలి.

జనవరిలో చెల్లెలు జేన్‌కి రాశాడు. మనవణ్ణి అందరూ మెచ్చుకునే మాటలు విన్నప్పుడల్లా ఫ్రాంకీ గుర్తొస్తున్నాడని, వాడు పోయి ముప్పయి ఆరేళ్లు అయినా నిట్టూర్పు లేకుండా తలచుకోలేనని. అప్పటికి ఆయనకి దాదాపు అరవై ఆరేళ్లు.

సెప్టెంబరులో జోసెఫ్ ప్రీస్ట్‌లీ అనే శాస్త్రవేత్తకి రాశాడు. కొత్త ఉద్యోగం ఒప్పుకోవాలా వద్దా అని ఆ మిత్రుడు సలహా అడిగాడు. ఏం చేయాలో చెప్పను, ఎలా తేల్చుకోవాలో చెబుతాను అన్నాడు ఫ్రాంక్లిన్. కాగితం మధ్య గీత గీయి. ఒకపక్క చేయడానికి కారణాలు, రెండోపక్క మానడానికి కారణాలు. ఒక్క పూటలో కాదు, మూడు నాలుగు రోజుల పాటు తోచినప్పుడల్లా రాసుకో, ఎందుకంటే అన్ని కారణాలూ ఒకేసారి బుర్రకి తట్టవు. తర్వాత దేని బరువు ఎంతో తూచి, సమానమైనవి రెండువైపులా కొట్టేసుకుంటూ రా. మిగిలిన బరువు ఎటుంటే అటు నడువు. తేల్చుకోవడం గురించి లోకానికి పాఠం చెప్పిన ఆ మనిషే, ఒక్కసారి తన ఇంట్లో తేల్చుకున్నది వాయిదా వేశాడు.

1788లో, ఎనభై రెండేళ్ల వయసులో ఆత్మకథ మూడో భాగం రాస్తూ మళ్లీ ఫ్రాంకీ దగ్గర ఆగాడు. అంటు వేయించనందుకు చాలాకాలం కుమిలిపోయానని, ఇప్పటికీ బాధపడుతున్నానని రాశాడు. వేయించాక బిడ్డకి ఏమన్నా అయితే నన్ను నేను క్షమించుకోలేను అని ఆగే తల్లిదండ్రుల కోసమే ఇది చెబుతున్నానన్నాడు. క్షమించుకోలేకపోవడం రెండువైపులా ఉంది, కాబట్టి అపాయం తక్కువున్న దారి ఎంచుకోండి అన్నాడు. ఇంకో రెండేళ్లకి పోయాడు.

ఈ కథ ఇప్పుడెందుకంటే, 'ఒళ్లు కాస్త కుదుటపడ్డాక' అన్న ఆ మాట మన ఇళ్లలో ఇప్పటికీ వినిపిస్తోంది కాబట్టి. మన ఊళ్లలో టీకాల రోజు బుధవారం. "పిల్లాడికి జలుబండీ, వచ్చే బుధవారం చూద్దాం." ఆశా కార్యకర్తకి, ఏఎన్ఎం అమ్మకి ఈ మాట కొత్త కాదు. చెప్పేది ప్రేమకొద్దీ చెబుతున్న తల్లే. కానీ 1736 నాటి గాటుకి వర్తించిన జాగ్రత్త ఇవాళ్టి టీకాకి వర్తించదు. మామూలు జలుబు, కొద్దిపాటి విరేచనాలు, చిన్న జ్వరం ఉన్నా సాధారణ టీకాలు ఆపక్కర్లేదని వైద్యశాస్త్రం చెబుతోంది. ఫ్రాంకీని ఆపిన కారణం ఇవాళ కారణమే కాదు. ఆ సంగతి తెలియక వాయిదా పడ్డ బుధవారాల్లోకి తట్టు చొరబడుతుంది. తట్టు సోకిన ఒక్కరు రక్షణ లేని పన్నెండు నుంచి పద్దెనిమిది మందికి అంటించగలరు. మన దేశంలో దానికి టీకా తొమ్మిది నెలలు నిండాక ఒకసారి, పదహారు నుంచి ఇరవై నాలుగు నెలల మధ్య ఇంకోసారి.

ఇందులో బలవంతం మాట వద్దు. 2022 మే 2న మన సుప్రీంకోర్టు కరోనా టీకా కేసులో, ఎవరినీ బలవంతంగా టీకా వేయించుకొమ్మనలేరని, ఒంటి మీద ఎవరి హక్కు వారిదని చెప్పింది. దుష్ఫలితాల వివరాలు ప్రజలకి అందుబాటులో పెట్టమని కూడా ప్రభుత్వాన్ని ఆదేశించింది. ఆ రెండూ సరైనవే. బాయిల్‌స్టన్ ఇంట్లోని ఆ బానిస తండ్రికి దక్కని హక్కు మనకి దక్కింది. దక్కినదాన్ని వాడుకోవడమంటే ఫ్రాంక్లిన్ చెప్పినట్టు గీత గీసిన కాగితం మీద రెండు గడులూ నింపడం. టీకా గడి ఖాళీ అని నేను చెప్పను. చేయి నొప్పి, జ్వరం మామూలే. తీవ్రమైన అలర్జీ అరుదుగా వస్తుంది, అందుకే వేసిన తర్వాత అరగంట కూర్చోమంటారు. ఆస్ట్రాజెనెకా కరోనా టీకా తర్వాత చాలా అరుదుగా కొందరికి రక్తం గడ్డకట్టిన మాట కూడా నిజం. గర్భిణులు, రోగనిరోధక శక్తి బాగా పడిపోయినవాళ్లు కొన్ని టీకాలు వేయించుకోకూడదు. ఇవన్నీ డాక్టరును అడగాలి, అడిగితే చెప్పాలి. కానీ రెండో గడి ఖాళీగా వదిలేసి ఇది ఆలోచించి తీసుకున్న నిర్ణయం అనకండి. ఆ గడిలో రాయాల్సింది జబ్బు పేరు, అది ఏం చేస్తుంది, మన చుట్టూ ఎంత ఉంది అన్నది.

మశూచి సంగతి తేలిపోయింది. 1980 మే 8న ప్రపంచ ఆరోగ్య సభ అది భూమ్మీద లేదని ప్రకటించింది. మీ ఇంట్లో పెద్దవాళ్ల భుజం మీద గుండ్రటి పాత మచ్చ ఉంటే ఒకసారి తడిమి చూడండి. ఎవరో ఒక తల్లి, ఒక తండ్రి భయపడుతూనే ఆ రోజు చెయ్యి చాపించారు.

మీ బిడ్డ టీకాల కార్డు ఇంట్లో ఎక్కడుందో ఇవాళే వెతకండి. ఖాళీగా ఉన్న గడి కనిపిస్తే మీ డాక్టరునో, ఏఎన్ఎంనో అడగాల్సినవన్నీ అడగండి, ఇంట్లో వద్దంటున్నవాళ్లని కూడా పక్కన కూర్చోబెట్టుకుని అడగండి. వద్దనుకుంటే కారణం రాయండి. తర్వాత అనుకుంటే తేదీ వేయండి.